ఎర్ర లైటు వెలగకుండా

"మీరు లేకపోయినా మీ పాటలుండాలండీ. అంతే, ఇంకేం లేదు" అన్నాడు అల్లుడుగారు.

చెప్పడం చాలా మర్యాదగానే చెప్పాడు. కుర్చీ చూపించాడు, ఫ్యాను ఆమె వైపు తిప్పాడు, మంచినీళ్లు తెప్పించాడు. ఆ మర్యాద చూసే పాటలక్కకు అనుమానం వచ్చింది. స్కేటింగ్ హాలులో ఇన్నేళ్లుగా పనిచేస్తున్నా ఆఫీసు గదిలోకి పిలిచి కూర్చోమన్నవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు.

"నేను లేకపోవడమంటే?"

"రెండు గంటల సెషను ఒకటి, మీరు రోజూ వాయించినట్టే వాయించి రికార్డు చేసిచ్చేయండి. ఇక్కడ మీట నొక్కితే అక్కడ పాట వస్తుంది. బూత్‌లో మనిషి అక్కర్లేదు. రేపు మీకు జ్వరమొచ్చినా, ఊరెళ్లినా మాకు ఇబ్బంది ఉండదు."

"నాకు జ్వరం ఎప్పుడొచ్చిందండీ?"

"అదే, మాటవరసకి" అని ఆయన బల్ల మీది కాగితాలను సర్దడం మొదలుపెట్టాడు. "నెలాఖరు దాకా మామూలుగానే రండి. ఆ తర్వాత..." ఆ తర్వాత ఏమిటో చెప్పకుండా కాగితాల అంచులు సమానం చేస్తూ ఉండిపోయాడు. ఒక చిన్న రికార్డరు, అరచేతిలో ఇమిడేది, పెట్టెతో సహా ఆమె ముందుకు జరిపాడు. కొత్తది. అంటే ఈ మాట అనుకుని చాలా రోజులయ్యిందన్నమాట.

అల్లుడుగారంటే హాలు యజమాని పెద్దమ్మగారి అల్లుడు. ఈమధ్యనే వ్యవహారాలూ తాళాలూ ఆయన చేతికొచ్చాయి. పెద్దమ్మగారు మాత్రం పాత అలవాటు చొప్పున ముందు కౌంటరులో కూర్చుని, వచ్చినవాళ్ల పాదాలకేసి ఒక్క చూపు చూసి సరిగ్గా సరిపోయే స్కేట్లు తీసి ఇస్తుంటుంది.

పాటలక్క పని హాలు చివర, నిచ్చెన మెట్లెక్కితే వచ్చే అద్దాల గదిలో, అదే బూత్‌లో. అక్కడ రెండు రికార్డు ప్లేయర్లు, వాటి మధ్య ఒక మిక్సరు. ఒకదాని మీద పాట అయిపోవస్తుండగా రెండోదాని మీద ఇంకో పాట మొదలుపెట్టి, రెండింటి దరువూ కలిపి, మొదటిదాన్ని మెల్లగా తప్పించేయడం ఆమె విద్య. కింద చెక్క నేల మీద గుండ్రంగా తిరిగేవాళ్లకు పాట మారిందని తెలుస్తుందే గాని, ఎక్కడ మారిందో తెలియదు. తెలియకూడదు కూడా. దరువు తడబడితే కాలు ఆగుతుంది. కాలి కింద చక్రం ఆగదు.

"రేపు చెప్తానండీ" అని రికార్డరు పెట్టె చంకలో పెట్టుకుని బయటికొచ్చింది. తాగని మంచినీళ్లు బల్ల మీదే ఉండిపోయాయి.

స్కేట్ల చక్రాలు విప్పి బేరింగులు కడిగే చక్రాల మామ, కౌంటరు వెనక తన మూల కూర్చుని అంతా ముందే తెలిసినట్టు తలాడించాడు. "చెయ్యనని చెప్పు. నీ గోతిని నువ్వే తవ్వుకుని, మట్టి కూడా నువ్వే ఎత్తిపోస్తావా?"

"చెయ్యకపోతే ఫోనులోంచి ఏవో పాటలు పెట్టేస్తాడు మామా. పాటకీ పాటకీ మధ్య ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలో ఎవరో ఒకరు పళ్లు రాలగొట్టుకుంటారు."

"రాలగొట్టుకోనీ. అప్పుడు తెలిసొస్తుంది."

"నా ఉద్యోగానికి వాళ్ల పళ్లు పందెం కాస్తావేంటి?"

మామ నవ్వాడు గాని, చేతిలోని చక్రాన్ని వేలితో గట్టిగా తిప్పి, అది తిరుగుతున్నంతసేపూ దానికేసే చూశాడు. అతనికి కోపమొచ్చినప్పుడు అలాగే చేస్తాడు.

ఇంటికెళ్లేసరికి అత్తగారు గుమ్మంలోనే ఉంది. కోడలు మిక్సరు దగ్గర పనిచేస్తుందంటే, చాలాకాలం ఆవిడ అది వంటింటి మిక్సీ అనుకుని, హోటల్లో పిండి రుబ్బే పనని చుట్టాలందరికీ చెప్పుకొచ్చింది. ఒకసారి హాలుకొచ్చి కళ్లారా చూశాక గాని నమ్మలేదు. విషయం విని ఆవిడ, "అయితే వాడికి మనిషి అక్కర్లేదు, మనిషి చేతులు మాత్రం కావాలా?" అంది.

లిఫ్టులు బాగుచేసే మొగుడు బూట్లు విప్పుతూ, "నువ్వేమనుకుంటున్నావు?" అని మాత్రం అడిగాడు.

పాటలక్క ఆలోచించింది. కోపం ఉంది. కానీ దాని పక్కనే ఇంకోటి కూడా ఉంది. "నేను లేని హాల్లో నాదని చెప్పి ఏదో ఒకటి మోగబోతోంది. అది నాలాగే మోగాలి" అంది.

మర్నాడు పొద్దున హాలు తెరవకముందే వెళ్లింది. దీపాలు ఆర్పేసిన చెక్క నేల చెరువులా నిశ్చలంగా ఉంది. మిక్సరు వెనక నుంచి హాలు స్పీకర్లకు వెళ్లే జతకు పక్కనే ఇంకో జత రంధ్రాలున్నాయి. ఇన్నేళ్లలో వాటి అవసరం పడలేదు. దుమ్ము ఊది, కేబుల్ గుచ్చి, రెండో కొస రికార్డరుకు తగిలించింది. ఎర్ర మీట నొక్కింది. రెండు గంటలు వాయించింది.

బాగా వచ్చిందనే అనుకుంది. నిదానంగా మొదలై, మెల్లగా ఊపందుకుని, మధ్యలో ఊపిరి తీసుకోనిచ్చి, మళ్లీ పరిగెత్తించి, చివర చెయ్యి పట్టుకుని దించినట్టు దించింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాక ముఖం మాడిపోయింది. ప్రతి దరువు దగ్గరా బర్రుమంటోంది. పాడేవాళ్ల గొంతులు జలుబు చేసినట్టున్నాయి. హుషారు పాటల దగ్గరికొచ్చేసరికి పాటకు బదులు రంపపు కోత వినిపిస్తోంది.

అల్లుడుగారు తన గదిలోని చిన్న స్పీకరు మీద పెట్టించుకుని కాసేపు విన్నాడు. వేళ్లతో బల్ల మీద తాళం కూడా వేశాడు. "బ్రహ్మాండంగా ఉందండీ! మంచి ఊపుంది. ఇక చాలు."

"సౌండు పగులుతోందండీ."

"నాకేం తెలియట్లేదే?"

"నాకు తెలుస్తోంది. ఇంకో రెండు మూడు పొద్దుటిపూటలు ఇవ్వండి."

ఆయన భుజాలెగరేశాడు. "మీ ఓపిక."

గదిలోంచి బయటికి రాగానే చక్రాల మామ పక్కకు లాగాడు. గొంతు తగ్గించాడు. "ఒసే పిచ్చిదానా, దేవుడే ఇచ్చిన అవకాశం. పగిలిందే ఇచ్చెయ్. నాలుగు రోజులు విన్నాక జనం చెవులు మూసుకుంటారు. వీడొచ్చి నీ కాళ్లు పట్టుకుంటాడు."

ఆ మాట సాయంత్రం దాకా ఆమె వెంటే వచ్చింది. అబద్ధమాడక్కర్లేదు, చెడగొట్టక్కర్లేదు. ఊరికే ఊరుకుంటే చాలు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ పగిలిన రికార్డింగునే మళ్లీ విన్నది. మామ చెప్పినట్టు జరుగుతుందేమో కూడా. అయితే ఆ నాలుగు రోజులూ హాల్లో తిరిగేవాళ్లు వినేది దీన్ని. వాళ్లు పాటలక్క పాటలు అనుకునేది దీన్ని. హెడ్‌ఫోన్లు తీసేసింది.

ఇంట్లో అత్తగారు తనకూ వినిపించమని చెవులకు పెట్టుకుని, కళ్లు చికిలించి, "పాట వెనకాల ఎవరో కాగితాలు చింపుతున్నారేమే?" అంది.

"విన్నారా? మీకు కూడా వినిపించింది!" పాటలక్కకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

రెండో పొద్దున రికార్డరుతోనే మొదలుపెట్టింది. కళ్లజోడు పెట్టుకుని దాని నాలుగు పక్కలూ చూస్తే, గోరంత మీట ఒకటి కనబడింది. ఒక పక్కకు 'మైకు', ఇంకో పక్కకు 'లైను'. అది మైకు వైపుంది. మైకులోంచి వచ్చేది గుసగుసంత, మిక్సరులోంచి వచ్చేది అరుపంత. గుసగుస వినడానికి చెవి రిక్కించి కూర్చున్నదాని చెవిలోకి పోయి అరిచినట్టయ్యింది. మీట 'లైను' వైపు తోసింది. హుషారు పాట ఒకటి కాసేపు రికార్డు చేసి వింది. సగం బాగుపడింది. సగమే.

రికార్డరులోకి వెళ్లే సౌండు తగ్గించి చూసింది. సౌండు తగ్గింది గాని పగులు పోలేదు. ఇంకా తగ్గించింది. ఇప్పుడు దూరంగా, మెల్లగా పగులుతోంది. అంతే తేడా. పక్కింట్లో రంపం ఆపి నాలుగిళ్ల అవతల మొదలుపెట్టినట్టుంది.

అలా ఎంతసేపు కూర్చుందో. వెనక్కి వాలి, ఏమీ ముట్టుకోకుండా, పాట తిరుగుతున్న రికార్డుకేసీ, మిక్సరుకేసీ ఊరికే చూసింది. మిక్సరు మీద చిన్న దీపాల వరస పాటతోపాటు లేస్తూ పడుతోంది. అడుగున ఆకుపచ్చ, పైన పసుపు, అన్నింటికన్నా పైన ఎరుపు. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. కొత్తేమీ కాదు. అది ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ఇన్నేళ్లలో దాన్ని ఆర్పాలని ఆమెకు తోచలేదు. గుమ్మం మీది బల్బు వెలిగినట్టే వెలుగుతోందనుకుంది.

పాట ఇక్కడే పగులుతోంది. తన చేతుల కిందే. రికార్డరు దాకా వెళ్లకముందే. తర్వాత ఎంత తగ్గించినా లాభమేముంది?

"అయితే ఇదంతా నేనే చేస్తున్నానన్నమాట" అని పైకే అంది.

మిక్సరు తగ్గించింది. ఎరుపు ఆరిపోయింది. పసుపు అప్పుడప్పుడూ తొంగిచూస్తోంది. పాట హాల్లోకి పిల్లి నడిచినట్టు వెళ్లింది. నాలుగు నిమిషాలు కాకుండానే, ఆమెకు తెలియకుండానే, కుడిచెయ్యి వెళ్లి మీట పెంచేసింది. మళ్లీ ఎరుపు. తగ్గించింది. మళ్లీ చెయ్యి వెళ్లింది. ఆఖరికి పెద్ద మీట మీద అడ్డంగా టేపు అతికించింది. చెయ్యి వెళ్లి టేపును తాకి, తిట్లు తిన్న పిల్లలా వెనక్కి వచ్చేది.

హాల్లో సౌండు ఇంత తక్కువ ఎందుకుంది? మెట్లు దిగి, వైరు వెంట వెంటే నడిచింది. అది గోడ వారగా వెళ్లి కౌంటరు కింద దూరింది. కౌంటరు కింద, విరిగిన స్కేట్ల బుట్ట వెనక, హాలు స్పీకర్లను మోగించే యాంప్లిఫయరు ఉంది. దాని మీట సగానికి కూడా లేదు. దాని చుట్టూ పేరుకున్న దుమ్ము చూస్తే ఎవరో ఎప్పుడో తిప్పి వదిలేశారని తెలుస్తోంది.

"దాన్ని ముట్టుకోకు" అంది పెద్దమ్మగారు, అప్పుడే వచ్చి సంచీ కౌంటరు మీద పెడుతూ. "నేనే తగ్గించాను."

"మీరా? ఎందుకండీ?"

"చెవులు చిల్లులు పడుతున్నాయని! నువ్వు చేరిన కొత్తల్లోనే. మొదట్లో కొంచెం తగ్గించాను. సౌండు మళ్లీ పెరిగింది. ఇంకొంచెం తగ్గించాను."

పాటలక్క నేల మీద చతికిలబడింది. "మీరు తగ్గించారని తెలియక, కిందికి వినబడట్లేదని నేను పైన పెంచానండీ."

"నువ్వు పెంచావని నేను చెవుల్లో దూది పెట్టుకున్నాను" అని పెద్దమ్మగారు సంచీలోంచి దూది ఉండ తీసి చూపించింది. అందులోంచి రోజూ కొంచెం తుంచుకుంటుందట.

ఇద్దరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"ఒక్క మాటా అనుకోకుండా ఇన్నేళ్లు పోట్లాడుకున్నామన్నమాట" అంది పెద్దమ్మగారు.

"అడగొచ్చు కదండీ!"

"నువ్వు మెట్లు దిగితేగా అడగడానికి. వస్తావు, పైకెక్కుతావు, అయిపోగానే బస్సుకి పరిగెత్తుతావు."

అది నిజమే. పాటలక్క లేచింది. బుట్ట పక్కకు జరిపి, యాంప్లిఫయరు మీట పెంచి, పైకెళ్లి మిక్సరు ఆకుపచ్చలోనే ఉంచి పాట పెట్టింది. పెద్దమ్మగారు చేతిలో దూది పట్టుకుని, పెట్టుకోవాలో వద్దో తెలియనట్టు నిలబడి విన్నది. పెట్టుకోలేదు.

ఆ తర్వాత పని గోరుతో గీరి గీరి శుభ్రం చేసినట్టు సాగింది. ఏ రికార్డు సౌండు దానిది. పాతవి మెల్లగా పలుకుతాయి, కొత్తవి మీదపడి అరుస్తాయి. ప్రతి రికార్డులోనూ అన్నింటికన్నా గట్టిగా ఉండే చోటు ముందు వెతికి, అక్కడ పసుపు దాటకుండా ఆ పాట మీట సరిచేసి, కవరు మూల చిన్న గీత పెట్టుకుంది. గట్టి చోటు అదుపులో ఉంటే మిగతాదంతా దానంతటదే అదుపులో ఉంటుంది.

అయినా ఎర్ర లైటు వెలిగింది. పాట మధ్యలో కాదు, పాట మారే చోట. రెండు పాటలు కలిసి నడిచే ఆ కాసేపట్లో, రెండింటి అడుగునా ఉన్న లావుపాటి దరువులు ఒకదాని మీద ఒకటి పడి ఎరుపు దాకా ఎగిరేవి. ఆమె ఎంతో ముచ్చటగా చేస్తాననుకునే పని అది. హెడ్‌ఫోన్లలో వింటే ఇరుకు గుమ్మంలో ఇద్దరు లావు మనుషులు ఒకేసారి దూరబోయినట్టుంది. ఇన్నాళ్లూ కింద చక్రాల హోరు దాన్ని కప్పేసింది. తను బాగా చేస్తున్నాననుకున్న దాంట్లో ఎంత బాగో, ఎంత హోరో!

చెవులు వేడెక్కాయి. ఆ సిగ్గులోనే పట్టుదల కూడా వచ్చింది. కొత్త పాట తీసుకొచ్చేటప్పుడు దాని అడుగు దరువు పూర్తిగా తగ్గించి, పైపై చప్పుళ్లు మాత్రమే లోపలికి రానిచ్చింది. పాత పాట దిగిపోయే క్షణంలో దాని దరువు తీసేసి, దీని దరువు ఇచ్చింది. ఒకరు లేచి కుర్చీ ఇస్తే ఇంకొకరు కూర్చున్నట్టు. ఎడమచెయ్యీ కుడిచెయ్యీ ఒకేసారి తిరగాలి. మొదట్లో ఒకటి ముందు, ఒకటి వెనక అయ్యేవి. పాట మధ్యలో గుంట పడేది. మళ్లీ చేసింది. బస్సులో కూడా ఒళ్లో సంచీ మీద రెండు చేతులూ ఎదురెదురుగా తిప్పుతుంటే పక్క సీటు ఆవిడ జరిగి కూర్చుంది.

మూడో పొద్దున అంతా సిద్ధం అనుకున్నాక కొత్త తద్దినం. పాటలు లేనిచోట, మొదట్లోనూ చివర్లోనూ, తేనెటీగ పెట్టెలో ఇరుక్కున్నట్టు సన్నగా జుమ్మంటోంది. కేబుల్ మార్చింది. పోలేదు. ప్లగ్గు తిప్పి పెట్టింది. పోలేదు. ఇంకో గోడకు మార్చింది. పోలేదు.

ఎందుకో పైకొచ్చిన అల్లుడుగారు గుమ్మంలో నిలబడి కాసేపు చూశాడు. "ఏమైందండీ?"

హెడ్‌ఫోన్లు ఆయనకిచ్చింది. ఆయన చెవులకు పెట్టుకుని, నోరు తెరిచి, "ఇది మా ఫ్రీజరు!" అన్నాడు.

"మీకు పాటలో పగులు వినబడలేదు గాని ఫ్రీజరు వినబడిందా?"

"పాటలు నాకేం తెలుసండీ. ఫ్రీజరు పక్కన రోజంతా కూర్చునేది నేనేగా." ఆయన దిగి వెళ్లి ఐస్‌క్రీము ఫ్రీజరు ఆపాడు. తేనెటీగ చచ్చిపోయింది. "ఎంతసేపు ఆపాలి?"

"రెండు గంటలు."

ఆయన ముఖం చూస్తే జాలేసింది. అయినా ఆపే ఉంచాడు. కరిగిపోయేవన్నీ బయటికి తీసి, చక్రాల మామకూ పెద్దమ్మగారికీ ఊడ్చే మనిషికీ తలా రెండేసి ఇచ్చి, తనూ ఒకటి పట్టుకుని, చప్పుడు చెయ్యకుండా బెంచీ మీద కూర్చున్నాడు. అద్దంలోంచి చూస్తే నలుగురూ వరసగా కూర్చుని, తలొంచుకుని, కరుగుతున్న ఐస్‌క్రీములతో కుస్తీ పడుతున్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. మీట నొక్కాక ఎక్కడ తప్పినా మళ్లీ మొదటి నుంచి చెయ్యాలని అందరికీ తెలుసు.

నొక్కింది.

రెండు గంటలూ ఆమె చేతులే తప్ప ఆమె లేదు. పసుపు లైటు తొంగిచూసిన ప్రతిసారీ వేలు ముందే అక్కడుంది. పాట మారే చోట్ల రెండు చేతులూ ఎదురెదురుగా తిరిగి, గుంట పడకుండా, గుద్దుకోకుండా దాటించాయి. ఒక్కచోట సూది రికార్డు అంచున జారబోయింది. వేలు అడ్డం పెట్టి ఆపింది. ఎర్ర లైటు ఒక్కసారీ వెలగలేదు. ఆఖరి పాట సన్నగిల్లి, సన్నగిల్లి, ఏమీ మిగలకుండా ఆగింది. నిజంగా ఏమీ లేదు. మీట నొక్కి ఆపేశాక గాని తన వీపు తడిసిపోయిందని తెలియలేదు.

అల్లుడుగారు విని, "ముందుదాని కన్నా సౌండు తక్కువగా ఉందేమిటండీ?" అన్నాడు.

"తక్కువైతే మీరు మీట తిప్పి పెంచుకోవచ్చు. పగిలితే మాత్రం ఎవరూ అతకలేరు" అని రికార్డరు ఆయన చేతిలో పెట్టింది. వదలడానికి వేళ్లు ఒక్క క్షణం ఒప్పుకోలేదు. వదిలింది.

శనివారం సెషనుకు దాన్ని పెట్టి చూస్తామనీ, ఆ రోజు ఆమె రానక్కర్లేదనీ చెప్పారు. శనివారం మధ్యాహ్నం పాటలక్క ఇల్లంతా తిరిగింది. తుడిచిన బల్లే మళ్లీ తుడిచింది. ఆరేసిన బట్టలు తీసి మడిచి, అవి ఇంకా తడిగానే ఉన్నాయని మళ్లీ ఆరేసింది. చూసీ చూసీ అత్తగారు, "పెళ్లికి పిలవని చుట్టంలా ఆ కిటికీ దగ్గర ఎంతసేపు నిలబడతావే? బూత్ తాళంచెవి నీ దగ్గరే ఉందిగా. ఇచ్చొస్తానని వెళ్లు" అంది.

హాలు తలుపు తోయగానే తన పాట ఎదురొచ్చింది. పైన అద్దాల గదిలో దీపం లేదు. అయినా పాట నడుస్తోంది, కింద జనం తిరుగుతున్నారు. ఎవరూ పైకి చూడడం లేదు. ఎవరో ఒకరు చూస్తారనుకుంది. ఎవరూ చూడలేదు.

కౌంటరు దగ్గరికెళ్లి తాళంచెవి తీసింది. పెద్దమ్మగారు ఆమె పాదాలకేసి ఒక్క చూపు చూసి, వంగి, ఒక జత స్కేట్లు పైన పెట్టింది.

"నాకెందుకండీ?"

"తాళం ఇక్కడ పెట్టు. కాళ్లు ఇక్కడ పెట్టు."

"మర్చిపోయానండీ. ఎప్పుడో చిన్నప్పటి మాట."

"కాళ్లు మర్చిపోవు. వెళ్లు."

కాళ్లు చాలావరకు మర్చిపోయాయి. మొదటి చుట్టు రెయిలింగు పట్టుకుని వెళ్లింది. రెండో చుట్టులో చీలమండలు వణికాయి, చక్రాల మామ మూలలోంచి లేచి నిలబడి, చేతులు చాచి ఆమె పడిపోతే అక్కణ్నుంచే పట్టుకునేట్టు చూశాడు. మూడో చుట్టులో వదిలేసింది.

పై నుంచి చూసినప్పుడు జనం గుండ్రంగా తిరిగే చుక్కల్లా ఉండేవారు. ఇక్కడ చెమట వాసన ఉంది, చెక్క మీద చక్రాల హోరు అరికాళ్లలోంచి మోకాళ్లలోకి ఎక్కుతోంది, ఆ హోరు మీద పాట ఉంది. శుభ్రంగా, ప్రతి మాటా వినిపిస్తూ. అది వేగం పెరగబోయే ముందు కొంచెం వంగమంటోంది. ఆమె వంగింది. మలుపులో తోసుకెళ్లింది, ఆమె వెళ్లింది. తన చేతులు చేసిన పని తన కాళ్లకు తగలడం ఇదే మొదటిసారి.

రెయిలింగు పట్టుకుని ఒకాయన ఉన్నాడు. ప్రతి శనివారం ఆఫీసు నుంచి సరాసరి వచ్చి, టై కూడా విప్పకుండా, రెండు గంటలూ గోడ వెంటే పాకుతాడు. పై నుంచి ఆమె ఆయన కోసం ఎన్నిసార్లు నిదానం పాటలు వేసిందో ఆయనకు తెలియదు. ఈసారి పక్కకు చేరి చెయ్యి చాచింది.

"వదలండి. నేనున్నాను."

"పడిపోతానండీ!"

"నేనూ పడతాను. ఇద్దరం కలిసే."

ఆయన టై భుజం మీదికి వేసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని తెరిచి, రెయిలింగు వదిలాడు. ఆ వేళ్ల పట్టుకు ఆమె అరచెయ్యి నలిగిపోయింది. అది చూసి గోడ వారగా ఉన్న ఒక పెద్దావిడ కూడా ఆమె రెండో చెయ్యి అందుకుంది. వెనకాల ఇంకెవరో ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

రెయిలింగు దగ్గర అల్లుడుగారు నిలబడి ఉన్నాడు. "ఒక్క నిమిషం ఆగండి, మాట్లాడాలి" అని కేకేశాడు.

ఆగడమెలాగో ఆమెకు గుర్తుకు రాలేదు. "వస్తున్నా" అంటూ ఆయన్ను దాటిపోయింది. మలుపు తిరిగి మళ్లీ వచ్చేసరికి ఆయన పక్కన పెద్దమ్మగారు కూడా చేరింది. ఆవిడ చెవుల్లో దూది లేదు.

"బూత్‌లో మనిషి అక్కర్లేదన్నాడు గాని, ఫ్లోరు మీద అక్కర్లేదన్లేదు కదా! మాకు పైన కాదు, ఇలా చేతులు పట్టుకుని నడిపించడానికి కింద కావాలి మనిషి. వస్తావా?" అని అరిచింది పెద్దమ్మగారు.

జవాబు చెప్పేలోగా దాటిపోయింది. ఒక చుట్టంతా ఆలోచించుకునే వీలు దొరికింది. కోపం ఇంకా అక్కడే ఉంది, ఆఫీసు గదిలో తిప్పిన ఫ్యాను గాలితో సహా. పోనివ్వక్కర్లేదనుకుంది. దాన్ని పెట్టుకునే రావచ్చు.

"వస్తాను!" అంది రెయిలింగు దగ్గరికి రాగానే. "కానీ నెల తిరిగేసరికి ఇది పాతబడిపోతుంది. కొత్తవి కూడా నేనే రికార్డు చేస్తాను. పొద్దున పూట హాలు..." మిగతా మాట మలుపులో పోయింది.

తర్వాతి చుట్టుకు అల్లుడుగారు రెయిలింగు మీదికి బాగా వంగి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, "మీదే! పొద్దున పూట హాలు మీదే!" అని అరిచాడు. తిరిగేవాళ్లందరూ ఆయనకేసి చూశారు. ఆయన చేతులు దించేసుకుని, జేబుల్లో పెట్టుకుని, మళ్లీ తీశాడు.

టై కట్టుకున్నాయన ముఖం నిండా చెమట. అయినా పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. "అమ్మా, ఇక ఆగుదామా? కాళ్లు లాగేస్తున్నాయి" అన్నాడు.

"మీ ఇష్టం."

"వద్దు, మధ్యలో ఎందుకు. ఈ పాట మారాక ఆగుదాం. మారగానే చెప్పండి."

"మారిపోయిందండీ. మీరు రెయిలింగు వదిలాక ఇది మూడో పాట" అంది పాటలక్క.